టీవీలో నాన్న నవ్విస్తాడు.. మరి ఇంట్లో?

ఫోన్ బ్యాటరీ మార్పిద్దామని అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్లాను. పక్కనే ఓ ఇంటర్ కుర్రాడు, వాళ్ల నాన్న. కౌంటర్ మీద కుర్రాడి ఫోన్, దాని నిండా పగుళ్లు. "ఫోన్ పగిలితే ఉరికొచ్చిండు. మార్కులు తగ్గినప్పుడు ఇట్ల ఉరికిండా అడుగుండ్రి" అన్నాడాయన. షాపాయన నవ్వాడు. నేనూ నవ్వాను. కుర్రాడు మాత్రం నవ్వలేదు.

మన టీవీ కామెడీల్లోనూ చాలాకాలం ఇదే వరస. నవ్వేది పెద్దోళ్లు, నవ్వులపాలయ్యేది పిల్లలు. అదీ పిల్లలంటూ ఉంటే! జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన 'అమృతం' మీకు మీమ్స్‌లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. అందులో హోటల్ తిప్పలున్నాయి, అద్దె గొడవలున్నాయి, భార్యాభర్తల అలకలున్నాయి. ప్రోగ్రెస్ కార్డు దాచే పిల్లాడే లేడు. అమృతానికీ ఆంజనేయులుకీ పిల్లలుంటే కదా!

హిందీలో మాత్రం 1995లోనే జీ టీవీకి 'హమ్ పాంచ్' వచ్చేసింది. ఐదుగురు కూతుళ్ల మధ్య నలిగిపోయే తండ్రిగా అశోక్ సరాఫ్. కూతుళ్లలో ఒకరు మన విద్యాబాలనే! పాపం ఆ తండ్రి తన బాధంతా గోడ మీదున్న మొదటి భార్య ఫొటోకి చెప్పుకుంటాడు. ఫొటో తిరిగి మాట్లాడుతుంది కూడా. ఇంట్లో అంతమంది ఉండగా ఫొటోతో ముచ్చట్లేంటో!

2013లో 'జబర్దస్త్' మొదలయ్యాక కొడుకు పాత్రలకి కొదవలేదు. కాకపోతే నిక్కరేసుకున్న ఆ కొడుక్కి ముప్పై ఏళ్లుంటాయి. తండ్రి మీద వాడో పంచ్, వాడి మీద తండ్రో పంచ్. స్కిట్ ఖతం.

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' వేరే. ఆదిత్య హాసన్ డైరెక్షన్. శివాజీ లెక్కల మాస్టారు, ముగ్గురు పిల్లల తండ్రి. విలన్ కాదు, జోకరూ కాదు. జీతం లెక్కలు, మార్కుల లెక్కలు రెండూ ఆయన బుర్రలోనే. చదువు రాని చిన్నోడిని చూసి పగలబడి నవ్వుతాం, కానీ నాన్న ముందు వాడికి పుట్టే భయం కూడా మనకి అందుతుంది.

మొన్న నాంపల్లి మెట్రో స్టేషన్‌లో ఓ డిగ్రీ అమ్మాయి చెప్పింది. వాళ్ల డాడీతో కలిసి ఈ సిరీస్ చూస్తుంటే ఆయన మధ్యలో ఆపి, "నేను గూడ గింత కోపం చేస్తనా?" అని అడిగాడట. "ఇంకెక్కువ" అందట ఈమె. కాసేపు గమ్మునుండి, మళ్లీ ప్లే నొక్కాడట.

నా కంప్లయింట్ ఒక్కటే. అది తొంభైల కథ. అందులో పిల్లల చేతిలో ఫోన్ లేదు. అప్పటి పిల్లలే ఇప్పుడు అమ్మానాన్నలు, కాబట్టి "మా రోజుల్లో" అని వాళ్లు హాయిగా నవ్వుకోవచ్చు. మరి పాస్‌వర్డ్ చెప్పమని కొట్లాట, లైవ్ లొకేషన్ పెట్టమని అలక, అర్ధరాత్రి రీల్స్ మీద రచ్చ.. ఇప్పటి ఇళ్లలో నడిచే ఈ కామెడీ ఎవరు రాస్తారు?

జగదీష్ మార్కెట్‌లో ఆ రోజు గ్లాస్ మార్చడం అయిపోయింది. డబ్బులు కట్టడానికి నాన్న జేబులోంచి తన ఫోన్ తీశాడు. దాని స్క్రీన్ మీదా అడ్డంగా ఓ పెద్ద పగులు. కుర్రాడు చూసేశాడు.

"డాడీ, ఇదెప్పుడు పగిలింది?"

"మెల్లగ మాట్లాడు. ఇంట్ల మీ అమ్మకి చెప్పకు."

ఈసారి ముందు నవ్వింది కుర్రాడే.