చిన్న ఆవిరి యంత్రము ఇంటికి తగునా?

దేశములో జనావాసమున్న గ్రామములన్నిటికిని విద్యుత్తు చేరినదని 2018 ఏప్రిల్ 28వ తేదీన ప్రభుత్వము ప్రకటించినది. అయినను గాలివానకు తీగలు తెగినప్పుడు, వేసవిలో సరఫరా నిలిచినప్పుడు, "మన ఊరి ఊకతో, కంది కట్టెతో, వేరుసెనగ పొట్టుతో మన విద్యుత్తును మనమే ఏల తయారు చేసికొనరాదు?" అను ప్రశ్న పంచాయతీ సమావేశములలో కలుగుట సహజము. చిన్న ఆవిరి యంత్రములను ఇంటింటికి పెట్టుకొనవచ్చునని చెప్పువారును కలరు. అట్టి ప్రతిపాదనపై తీర్మానము చేయుటకు ముందు సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

యంత్రము పనిచేయు తీరు

నీరు ఆవిరిగా మారినప్పుడు సుమారు 1,600 రెట్లు వ్యాకోచించును. మూసిన బాయిలరులో ఆవిరిని బంధించినచో పీడనము పుట్టును. ఆ పీడనము సిలిండరులోని పిస్టనును ముందువెనుకలకు నెట్టును. పిస్టను చక్రమును, చక్రము జనరేటరును త్రిప్పగా విద్యుత్తు కలుగును. ఇది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో పూర్వము పలు బియ్యపు మిల్లులు ఊకను కాల్చి ఆవిరి యంత్రములతోనే నడచినవి.

ఇంధనపు లెక్క

ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలోకాలరీల వేడికి సమానము. ఒక కిలో ఊకను కాల్చినచో సుమారు 3,000 కిలోకాలరీలు లభించును. ఈ లెక్కను చూచి కిలో ఊకకు మూడు యూనిట్లు వచ్చునని తలంచరాదు. చిన్న ఆవిరి యంత్రము ఇంధనములోని వేడిలో నూటికి 5 పాళ్లకు అటునిటుగా మాత్రమే విద్యుత్తుగా మార్చగలదు. మిగిలిన వేడిలో కొంత పొగగొట్టము గుండను, అధిక భాగము వాడిన ఆవిరితోను వెలికి పోవును.

కావున ఒక యూనిట్‌కు సుమారు 6 కిలోల ఊక కావలెను. దినమునకు 3 యూనిట్లు వాడు ఇంటికి 18 కిలోలు, అనగా సంవత్సరమునకు ఆరున్నర టన్నులు. ధాన్యపు బరువులో ఊక సుమారు అయిదవ వంతు. అనగా ఒక్క ఇంటి దీపములకు 33 టన్నుల ధాన్యపు ఊక కాలిపోవును. యూనిట్ ఒక్కింటికి 15 లీటర్లకు పైగా నీరు కూడ ఆవిరియై పోవును. ఊక చాలనప్పుడు గొడ్డలి చెట్లపై పడును. పశువుల మేత పొయ్యిలోనికి పోవును.

ప్రమాదము, చట్టము

బాయిలరులో నీటి మట్టము తగ్గి రేకు ఎర్రగా కాగినప్పుడు చన్నీరు పోసినచో అది ప్రేలవచ్చును. భద్రతా కవాటమును బిగించివేయుట ప్రాణాంతకము. అందువలననే బాయిలర్లపై 1923లో చట్టము చేయబడినది. దాని స్థానమున 2025లో పార్లమెంటు క్రొత్త చట్టమును చేసినది. మిక్కిలి చిన్న పాత్రలు మినహా, బాయిలరును రిజిస్టరు చేయించి, తనిఖీ పొంది, ధ్రువపత్రముతోనే నడుపవలెను. వంటయింటి ప్రక్కన గృహస్థు ఒంటరిగా నడుపదగిన వస్తువు కాదిది.

ఎక్కడ తగును?

వెలికి పోవు ఆవిరి వేడికి పని యున్న చోట ఈ యంత్రము తగును. ఉప్పుడు బియ్యము చేయు మిల్లులో ధాన్యమును ఉడికించుటకు, ఆరబెట్టుటకు వేడి కావలెను; ఊక అచ్చటనే దొరకును; శిక్షణ పొందిన మనిషి ఉండును. అట్టిచోట విద్యుత్తుకు వాడిన ఆవిరియే ధాన్యమునకును ఉపయోగపడును గాన వేడి వృథా కాదు.

ఆవిరి లేకయే ఊక నుండి విద్యుత్తు తీయు మార్గమును కలదు. 2007లో బీహారులోని పశ్చిమ చంపారణ్ జిల్లా తమ్‌కుహా గ్రామమున ఊకను వాయువుగా మార్చి, ఆ వాయువుతో ఇంజను నడిపి ఇండ్లకు దీపములు వెలిగించిరి. ఈ పద్ధతిలో ఇంధనము ఆవిరి యంత్రమున కన్న చాల తక్కువ పట్టును. అయితే వాయువును శుభ్రపరచుటకు, ఇంజనును కనిపెట్టుటకు నిత్యము మనిషి కావలెను. కేవలము ఇంటి అవసరమునకైనచో, ఒక కిలోవాటు సౌరఫలకములు మంచి ఎండ కాయు దినమున సుమారు 4 యూనిట్లు ఇచ్చును. రాత్రికి మాత్రము బ్యాటరీగాని, విద్యుత్ లైనుగాని తోడుండవలెను.

సభ్యులు అడుగవలసినవి

ప్రతిపాదన తెచ్చినవారిని నాలుగు ప్రశ్నలు అడుగుడు. యూనిట్‌కు ఎన్ని కిలోల ఇంధనము పట్టును? ఆ ఇంధనము ఏడాది పొడుగున ఎచ్చటి నుండి వచ్చును, నేడు అది ఎవరికి ఉపయోగపడుచున్నది? వాడిన ఆవిరి వేడికి ఏ పని కలదు? బాయిలరుకు ధ్రువపత్రము ఎవరు తెత్తురు, దానిని ఎవరు నడుపుదురు? సమాధానములను అంకెలతో వ్రాయించి గ్రామసభలో చదివించుడు. అంకెలు సరిపోయిన యెడల యంత్రమును మిల్లు వద్ద నిలుపవచ్చును. సరిపోనియెడల ఆ ధనము ఊరిలో మరియొక పనికి మిగులును.