ఎండకును చట్టమా?
పునరుత్పాదక విద్యుత్తు న్యాయాధ్యయనము: అపోహలు – వాస్తవములు

మేడమీద ఒడియములు ఎండబెట్టుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేనప్పుడు, అదే ఎండ నుండి కరెంటు తీసికొనుటకు ఇన్ని చట్టములేల, వానిని చదువుట కొక ప్రత్యేక విద్యయేల అని న్యాయవిద్యార్థుల తల్లిదండ్రులే గాక, తలపండిన వకీళ్లును అడుగుచుందురు. ఎండ ఎవరి సొత్తును గాదన్నమాట నిజమే. కాని ఆ మేడమీదనే సౌరఫలకములు పరచి, ఇంటివాడకము పోగా మిగిలిన కరెంటును వీధితీగె కెక్కించిన నాడు, పోయిన యూనిట్లను వచ్చిన యూనిట్లను వేరువేరుగా లెక్కించు మీటరొకటి గోడ కెక్కును. దానివెంట, మిగులు యూనిట్లకు ఏ ధర కట్టవలెను, డిస్కం, అనగా విద్యుత్ పంపిణీ సంస్థ, వలదనవచ్చునా అను ప్రశ్నలును గడప దాటి లోనికి వచ్చును. వినియోగదారుల హక్కులను గూర్చిన 2020 నాటి నియమములకు 2024లో జరిగిన సవరణ ప్రకారము, 10 కిలోవాట్ల వరకు గల ఇంటికప్పు సౌరవ్యవస్థల దరఖాస్తులను సాంకేతిక పరిశీలనతో నిమిత్తము లేకయే అంగీకరించినట్లు భావింపవలెను. ఒడియములకు లేని వ్యవహారము తీగెకు తగులుకొనుట ఇట్లు.

ఒక్క చట్టము కొని కంఠస్థము చేసినచో చాలునను భ్రమ విద్యార్థులలో మెండు. అట్టి చట్టము మన దేశమున లేదు. 2015లో కేంద్రము ముసాయిదా యొకటి ప్రకటించెను గాని అది శాసనరూపము దాల్చలేదు. రాజ్యాంగము ప్రకారము విద్యుత్తు ఉమ్మడి జాబితాలోనిది, భూమి రాష్ట్రముల జాబితాలోనిది. 2003 విద్యుత్ చట్టపు 86వ సెక్షనులోని చిన్న ఉపవాక్యమొకటి, పంపిణీ సంస్థలు తమ కొనుగోళ్లలో ఇంత శాతము పునరుత్పాదక విద్యుత్తు కొనితీరవలెనని నిర్ణయించు బాధ్యతను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్లపై మోపినది. ఆ నిర్బంధము సొంత విద్యుత్కేంద్రములు గల కర్మాగారములకును వర్తించునని 2015లో హిందుస్థాన్ జింక్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్మానించెను.

ఒప్పందముల విషయమున అపోహలు రెండు. అవి యొకదాని కొకటి విరుద్ధములు. సంతకము పడిన ధరను ఇక బ్రహ్మయు కదలింపలేడని కొందరు, ప్రభుత్వము తలచుకొన్నచో ఏ ఒప్పందమైనను చిత్తుకాగితమేయని మరికొందరు వాదింతురు. ఆంధ్రప్రదేశమున జరిగిన కథ రెండువాదముల వారును చదువదగినది. 2019 జులై 1న రాష్ట్రప్రభుత్వము, పవన, సౌర విద్యుత్తు కొనుగోలు ధరలపై ఉత్పత్తిదారులతో మరల బేరమాడుటకు ఉన్నతస్థాయి సంఘము నొకదానిని నియమించెను; వెంటనే డిస్కంలు, యూనిట్టుకు పవన విద్యుత్తునకు రూ. 2.43, సౌర విద్యుత్తునకు రూ. 2.44 వరకు ధర తగ్గించుకొండని లేఖలు వ్రాసెను. డిస్కంల ఆర్థికదుస్థితియే ప్రభుత్వపక్షపు వాదము. ఆ ఉత్తరువును హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము సెప్టెంబరు 24న కొట్టివేసెను. అయినను ధరల తగవును నియంత్రణ మండలికి వదలి, అంతవరకు తగ్గించిన ధరనే చెల్లింపుమనెను. గెలిచినవారు ఓడినవారి ధరనే పుచ్చుకొనవలసివచ్చిన ఈ విచిత్రస్థితి రెండేండ్లకు పైగా సాగి, 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనము, ఒప్పందధర ప్రకారమే బకాయిలను ఆరు వారములలో చెల్లింపవలెనని ఆదేశించుటతో ముగిసెను. ఒప్పందము నిలిచినది, నిజమే; కాని అప్పు తెచ్చి గాలిమరలు నిలిపినవారికి ఆ రెండేండ్ల వడ్డీ మాత్రము ఆగలేదు. విద్యార్థి తీర్పును మాత్రమే గాక ఈ కాలవిలంబమును గూడ చదువవలెనని నా అభిప్రాయము.

పచ్చని విద్యుత్తునకు ప్రకృతితో పేచీ యుండదను నమ్మకమొకటి కలదు. సౌరకేంద్రములకు 2006 నాటి పర్యావరణ ప్రకటన క్రింద ముందస్తు అనుమతి అక్కరలేదన్నమాట వాస్తవమే. కాని అడవిభూమి తగిలినచో అటవీచట్టము అడ్డువచ్చును. మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యము ఏ పక్షికొరకు ఏర్పడెనో ఆ బట్టమేకపిట్ట, రాజస్థాన, గుజరాతులలో విద్యుత్తీగెలకు తగిలి చచ్చుచుండగా, తీగెలను భూగర్భమున వేయుడని 2021లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2024 మార్చి 21న ఆ ఆజ్ఞను సడలించి నిపుణుల సంఘమునకు అప్పగించుచు, వాతావరణమార్పుల దుష్ఫలితముల నుండి రక్షణ పొందుట రాజ్యాంగపు 14, 21 అధికరణములలో ఇమిడియున్న హక్కని అదే న్యాయస్థానము పలికెను. పిట్టకును సౌరఫలకమునకును నడుమ వచ్చిన తగవులో ఇరుపక్షములును పర్యావరణము పేరనే నిలిచినవి!

ఇంజనీరింగు రానివారికి ఈ విద్య కొరుకుడుపడదన్నది తేలికగా తీసివేయదగిన మాట. ఒక మెగావాటు ఒక గంటసేపు అందినచో వేయి యూనిట్లు. ఆరంభమున ఈ లెక్క చాలును.

ఈ విద్య పుస్తకములలోనే నేర్వవలెననుటయు సరిగాదు. ధరలు నిర్ణయించుటకు ముందు ప్రజల సూచనలను, అభ్యంతరములను పరిశీలింపవలెనని విద్యుత్ చట్టపు 64వ సెక్షను శాసించుచున్నది. కావున నియంత్రణ మండలి బహిరంగవిచారణ మీ ఊరి దరిదాపుల జరిగిన దినమున వెళ్లి, వెనుకబల్లపైనైనను కూర్చుండుడు. అభ్యంతరము దాఖలు చేయుటకు వకీలు పట్టా అక్కరలేదు.