చిల్లు డబ్బా – గణిత నమూనా

గణితమనగా సూత్రములో అంకెలు వేసి జవాబు రాబట్టుటయే యని పెక్కుమంది విద్యార్థులు తలచుచుందురు. ఇందుకు పాఠ్యపుస్తకములలోని లెక్కలును కొంత కారణము. “తొట్టినుండి నిమిషమునకు ఇన్ని లీటర్ల చొప్పున నీరు పోవుచున్నది” అని లెక్కలోనే చెప్పివేసినచో, విద్యార్థికి మిగులునది భాగహారము మాత్రమే. నీరు నిజముగా ఒకే వేగముతో పోవునా అను ప్రశ్న అతనికి తోచనే తోచదు.

ఒక వాస్తవ విషయములో ముఖ్యమైనదానిని గ్రహించి, తక్కినది విడిచి, దానికి గణితరూపము కల్పించుటను నమూనా నిర్మాణ మందురు. సమస్యను సాధించుటలో కష్టమైన భాగమిదే. దీనిని తరగతిలో నేర్పుటకు రేకు డబ్బా, మేకు, స్కేలు, గడియారము చాలును.

నిలువు గోడలుగల డబ్బాకు అడుగు దగ్గర ప్రక్కన మేకుతో చిన్న రంధ్రము చేయవలెను. రంధ్రమునకు పైన 16 సెం.మీ. ఎత్తున నీరు నింపి వదలవలెను. మొదటి నిమిషములో మట్టము 9 సెం.మీ.కు దిగినదనుకొందము. డబ్బా ఎప్పుడు ఖాళీయగును? ముందుగా ప్రతి విద్యార్థిచేతను జవాబు వ్రాయించవలెను. పెక్కురు త్రైరాశికము వేయుదురు: నిమిషమునకు 7 సెం.మీ. చొప్పున 16 సెం.మీ.కు సుమారు 2 నిమిషముల 17 సెకనులు. కాని అప్పటికి డబ్బాలో ఇంకను 3 సెం.మీ. వరకు నీరుండును!

ఇచట ఉపాధ్యాయుడు తొందరపడి సూత్రము చెప్పరాదు. భాగహారము సరియే, సరికానిది ‘సమవేగము’ అను ఊహ. నీటి ఎత్తు తగ్గినకొలది రంధ్రమువద్ద పీడనము తగ్గును, ధార మందగించును. నిమిషమున కొకసారి మట్టము కొలిచినచో 16, 9, 4, 1, 0లకు దగ్గరగా వచ్చును. ఇవి 4, 3, 2, 1, 0ల వర్గములు. అనగా సమముగా తగ్గుచున్నది ఎత్తు కాదు, ఎత్తు యొక్క వర్గమూలము. ధార వేగము నీటి ఎత్తు యొక్క వర్గమూలమునకు అనుపాతములో ఉండునని ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిచెల్లీ 1644లో ప్రకటించెను. మన పట్టిక ఆ నియమమునకు ఫలమే.

కొలతలు ఈ అంకెలకు అచ్చముగా సరిపోవు. చివరలో ధార తెగి నీరు బొట్లుగా పడును. తలతన్యతను మన నమూనా లెక్కలోనికి తీసికొనలేదు. ప్రతి నమూనాకును ఇట్టి హద్దు లుండును. కావున జవాబునకే కాక, ఊహను స్పష్టముగా చెప్పినందుకును, కొలతతో సరిచూచి దిద్దుకొన్నందుకును మార్కులీయవలెను.

తరువాత ఈ ప్రశ్న వేయుడు: మట్టము సమముగా దిగవలెనన్న పాత్ర ఏ ఆకారములో నుండవలెను? ప్రాచీన ఈజిప్టు నీటి గడియారములు పైన వెడల్పుగా, క్రింద సన్నముగా నుండుటకు కారణము విద్యార్థులే కనుగొందురు.