సముద్రముపై హాజరుపట్టీ

నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము చెరువును నింపి, తుదకు బంగాళాఖాతమున కలియుచున్నది. చెరువులో అనుమతి లేక వల వేసినవాడు గట్టుపై నున్నవారికి కనబడును. సముద్రమునకు ఆవలి గట్టు కానరాదు. అచటి దొంగవేటను పట్టుట యెట్లు?

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక ప్రకారము, తీరమునుండి 200 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 370 కిలోమీటర్ల వరకు గల మత్స్యసంపదపై ఆ దేశమునకే హక్కు కలదు. పరదేశపు ఓడలు అనుమతి లేక అందు వేటాడరాదు. స్వదేశపు పడవలకును నియమములు కలవు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే, తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. తల్లిచేప వలలో పడినచో దానితో వేలకొలది గ్రుడ్లును పోవును గదా!

ఇక కాపలా విధానము. తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు పిలుచును. పిమ్మట తలలు లెక్కించును. పలికినవారు 30 మంది, తలలు 32 అయినచో, పలుకని ఇద్దరెవరో విచారింపవలెను. సముద్రముపైనను ఇదే పద్ధతి. పెద్ద ఓడలలోని స్వయంచాలక గుర్తింపు యంత్రము ఓడ పేరు, స్థానము, వేగము, దిశలను రేడియో తరంగములద్వారా తెలుపుచుండును. ఇది హాజరు పలుకుట. దొంగవేటగాడు ఈ యంత్రమును ఆపివేయును. కాని రాడారు గల ఉపగ్రహము పైనుండి తరంగములను పంపి, తిరిగివచ్చిన వానితో చిత్రమును తయారుచేయును. రాత్రియైనను, మబ్బు పట్టినను, ఉక్కు ఓడ అందు తెల్లని చుక్కవలె కనబడును. ఇది తలలు లెక్కించుట. రెండింటిని సరిపోల్చగా పేరు చెప్పని చుక్క బయటపడును. చిన్న కొయ్యపడవలు మాత్రము ఈ చిత్రములలో తరచు చిక్కవు.

చుక్క కనబడినంతమాత్రమున నేరము రుజువు కాదు. తీరరక్షక దళము వెళ్ళి పరీక్షింపవలెను. ఈలోగా ఓడ మరియొక దేశపు రేవునకు చేరినచో? అందుకే దేశముల నడుమ సహకారము అవసరము. 2009లో అంగీకరింపబడి, 2016లో అమలునకు వచ్చిన ఒప్పందము ప్రకారము, అందు చేరిన దేశములు దొంగవేట చేసిన పరదేశపు ఓడలను తమ రేవులలో చేపలు దింపనీయరాదు. 2018లో గురుగ్రామ్‌లో భారత నౌకాదళము నెలకొల్పిన సమాచార కేంద్రము హిందూ మహాసముద్రపు ఓడల వార్తలను ఇతర దేశములతో పంచుకొనుచున్నది.

ఈ సాధనములు జాలరులకును రక్షణ. 2018 నవంబరులో గుజరాత్ పడవలపై పనికి వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలరులు పాకిస్తాన్ అధికారులకు చిక్కిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. నీటిపై సరిహద్దు గీత కనబడదు. 2024లో ప్రారంభమైన పథకము క్రింద లక్ష పడవలకు అమర్చ తలపెట్టిన ట్రాన్స్‌పాండర్లు, సరిహద్దు సమీపించినపుడు హెచ్చరించును. ఆపదలో తీరమునకు సందేశము పంపును. ఇంటికడ ఎదురుచూచు కుటుంబమునకు ఆ హెచ్చరిక విలువ ఎంతయో చెప్పనక్కరలేదు.