గంటల్లోనే మారే జీలుగు కల్లు రుచి

స్కాట్లాండ్ సింగిల్ మాల్ట్ విస్కీ మొలకెత్తిన బార్లీతో ఒకే డిస్టిలరీలో తయారై, చట్టప్రకారం కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉండాలి. దానిని దశాబ్దాలపాటు దాచుకునేవారూ ఉన్నారు. 2022లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పార్వతీపురం మన్యంలో చేరిన సీతంపేట, కురుపాం కొండల్లోని జీలుగు కల్లుకు ఆ యోగం లేదు. ఇక్కడ నిరీక్షణ అంతా చెట్టుదే. ఏళ్లు పెరిగాక గానీ అది గెల వేయదు. పైనుంచి కిందికి గెలలన్నీ అయ్యాక చెట్టే ఎండిపోతుంది.

కోసిన గెల నుంచి కారే తియ్యని రసంలో ఈస్ట్ చేరి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. అందుకే తెల్లవారుజామున దించిన కల్లు తీపి. ఎండెక్కేకొద్దీ ఘాటు, పులుపు హెచ్చుతాయి. ఆపై బాక్టీరియా దానిని వినిగర్‌గా మారుస్తుంది. కడగని కుండలో ఈ మార్పు మరీ వేగం. ఏ పూట కల్లో అలవాటైన నాలుక ఇట్టే గుర్తిస్తుంది.

అయితే నాలుకకు అన్నీ తెలియవు. చెట్టున వేలాడే కుండకు రాత్రంతా కాపలా ఉండదు. 2022 ఫిబ్రవరిలో నాటి తూర్పుగోదావరి జిల్లా రాజవొమ్మంగి మండలం లోదొడ్డిలో జీలుగు కల్లు తాగిన ఐదుగురు గిరిజనులు మరణించారు. కుండలో మరేదైనా కలిసిందా అన్నది ప్రయోగశాల పరీక్షలో తేలవలసిందే గాని, తీపి పులుపుల్లో తేలదు.