ఆకాశవాణియు నధికారవాణియు

ప్రభుత్వమునకు ప్రజలయందు గల నమ్మకమెంతయో కొలిచి చూడదలచినవారు సాధారణముగా శాసనసభలవంకను న్యాయస్థానములవంకను జూతురు. నేను పౌరుని తీరికవేళవంక జూతును. దినమెల్ల పాటుపడి, కాళ్లు కడుగుకొని, వీథియరుగుమీద జేరగిలబడి మనుష్యుడొక పాట వినగోరును. ఆ వేళ నతనికి సర్కారుతో బని లేదు. సర్కారునకును అతనితో బని యుండగూడదు. యుద్ధకాలమందును క్షామకాలమందును అధికారులు విధించు నిర్బంధములకు ఏదో యొక కారణము చూపవచ్చును. పాటవలన నేమి యాపద? హార్మోనియము చేసిన రాజద్రోహమేమి? ఆపద లేనిచోట గూడ ఆంక్ష పుట్టినచో, అది అవసరమువలన గాక అలవాటువలన పుట్టినదని గ్రహింపవలెను. ఆ యలవాటుయొక్క చరిత్రను మన యిండ్లలోని రేడియోపెట్టె చెప్పినంత స్పష్టముగా మరియొకటి చెప్పజాలదు.

మా తాతగారి భోషాణములో, శిస్తు రసీదులనడుమ, ఒక చిన్న పుస్తకమున్నది. అది రేడియో లైసెన్సు. ఏటేట తపాలా కచేరికి బోయి రుసుము చెల్లించి యతికించిన బిళ్లలు, వానిపై బడిన ముద్రలు అందు వరుసగా గానవచ్చును. నేటి బాలురకు దానిని జూపి, యిది పాట వినుటకు ప్రభుత్వమిచ్చిన యనుమతి యని చెప్పిన నవ్వుదురు. నవ్వవలసినదే. 1933వ సంవత్సరపు వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే రేడియోయంత్రము నింట నుంచుకొనుట నేరము. తుపాకి యుంచుకొనువాడును త్యాగరాజకీర్తన వినువాడును సర్కారు దృష్టిలో నొకే వరుసను నిలువవలసివచ్చెను. తెల్లవారు పెట్టిన యా కట్టుబాటు తెల్లవారితో ఓడ యెక్కలేదు. స్వరాజ్యము వచ్చిన ముప్పదియెనిమిదేండ్లకు, 1985లోగాని, శ్రోత నెత్తినుండి ఆ రుసుము దిగలేదు.

ఇంతకును ఈ దేశమున రేడియో పుట్టినది ప్రభుత్వ భవనమున గాదు. 1924లో మద్రాసునందు సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మొదలగు ఉత్సాహవంతులు రేడియో క్లబ్బు నొకదానిని స్థాపించి, సంగీతమును ప్రసంగములను గాలిలోనికి విడిచిరి. 1927లో ధనము చాలక క్లబ్బు మూతపడగా, యంత్రము నగర కార్పొరేషను చేతికి వచ్చెను. 1930 నుండి కార్పొరేషనువారు ప్రసారము సాగించిరి. బొంబాయిలో 1927 జూలై 23న ప్రారంభమైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీయు ప్రైవేటు సంస్థయే. వినువారు చెల్లించు పది రూపాయల రుసుములో నూటికి ఎనుబది పాళ్లు దానికి ముట్టుచుండెను. అదియు జాలక 1930లో కంపెనీ మూతపడెను. వర్తకుల మొరలు, శ్రోతల మొరలు విని ప్రభుత్వము దానిని చేపట్టి, 1936లో ఆలిండియా రేడియో యని నామకరణము చేసెను. హైదరాబాదులోని దక్కను రేడియోయు ప్రైవేటుగా మొదలై 1935లో నిజాము ప్రభుత్వము చేతికి బోయినదే. నష్టమున నడచు వ్యాపారమును సర్కారు చేరదీసినప్పుడు లాభము మరియొక రూపమున వచ్చునని యెరుగుట కష్టము గాదు. దేశమందలి ప్రతి చెవికిని ఒక గొట్టము అమర్పబడెను. ఆవలి కొసను నోరు పెట్టు హక్కు మాత్ర మొక్కరికే దక్కెను.

ఆ హక్కును ధిక్కరించిన సాహసికులలో అగ్రగణ్యురాలు ఇరువదిరెండేండ్ల కన్య. 1942 ఆగష్టులో నాయకులందరు చెరసాలల పాలుగాగా, ఉషా మెహతాయు ఆమె సహచరులును బొంబాయిలో రహస్యముగా కాంగ్రెసు రేడియోను నెలకొల్పి 42.34 మీటర్లపై మాటలాడిరి. పోలీసుల కంటబడకుండ ఇండ్లు మార్చుచు, పత్రికలకు అచ్చువేయ వీలులేని వార్తలను దేశమునకు వినిపించిరి. నవంబరు 12న పట్టుబడిరి. ఆమెకు నాలుగేండ్ల శిక్ష పడెను. సరిగా అయిదేండ్లకు, 1947 నవంబరు 12న, గాంధీమహాత్ముడు ఢిల్లీ ప్రసారకేంద్రమునకు వెళ్లి, కురుక్షేత్ర శిబిరమందలి కాందిశీకులతో రేడియోమూలమున మాటలాడెను. ఆయన ప్రసారకేంద్రమున నడుగుపెట్టుట అదియొక్కమారే. ఈ రెండు నవంబరు పన్నెండులనడుమ రాజ్యము మారెను, జెండా మారెను. గొట్టము స్వభావము మారెనా యనుటకు తరువాతి కథయే ప్రత్యుత్తరము.

హార్మోనియము సంగతి వినుడు. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియోలో నా వాద్యము నిషిద్ధమయ్యెను. దాని స్వరములు బిగించినవి. మన సంగీతమందలి గమకములను, సూక్ష్మశ్రుతులను పలుకజాలవని పండితుల వాదము. వాదమున పస లేదనను; రవీంద్రనాథ ఠాకూరునంతటివాడు ఆ వాద్యమును సహింపలేదు. కాని అభిరుచి వేరు, ఆజ్ఞ వేరు. ఆంధ్రదేశమున సురభివారి రంగస్థలము మొదలు పల్లెటూరి పందిరి వరకు పద్యనాటకమునకు ఊపిరి పోసినది హార్మోనియమే గదా! చిలకమర్తివారి గయోపాఖ్యానమును, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగమును తెల్లవారుదాక కనురెప్ప వాల్పక వినిన రైతునకు, హార్మోనియము లేని పద్యము ఉప్పు లేని పప్పువలె దోచును. అతని నెవరైన నడిగిరా? పరప్రభుత్వకాలమున బుట్టిన యీ యాజ్ఞ స్వరాజ్యమున నిరువదినాలుగేండ్లు నిక్షేపముగా బ్రదికి, 1971లోగాని సడలలేదు. నిషేధించినవారు పోయిరి, నిషేధమునకు కారణము చెప్పినవారు పోయిరి, నిషేధము మాత్రము కచేరి గోడకు వ్రేలాడుచునే యుండెను.

1952లో సమాచార ప్రసారశాఖామాత్యులైన బి. వి. కేస్కరుగారు సంగీతాభిజ్ఞులు. వారి యేలుబడిలో శాస్త్రీయసంగీతమునకు గలిగిన యాదరమును మరువరాదు. ఐనను సినిమాపాటవలన జాతి యభిరుచి చెడునని వారి దృఢవిశ్వాసము. పాటలను తగ్గించిరి, చిత్రనిర్మాతలతో తగవు రాగా అవి దాదాపుగా మాయమయ్యెను. శ్రోత యేమి చేసెను? సభ చేయలేదు, మహజరు వ్రాయలేదు. ముల్లు త్రిప్పెను. సముద్రమునావలి కొలంబోనుండి రేడియో సిలోను పలికెను. ఆ యేడాది డిసెంబరులోనే ప్రారంభమైన బినాకా గీత్‌మాలా అమీన్ సయానీ గళమున ఇంటింట మారుమ్రోగెను. సిలోనునుండి తెలుగుపాటలును రాగా మన తల్లులు వంటయిండ్లలో వినిరి. సొంత యింట పాట మానిపించిన తండ్రికి, బిడ్డలు పొరుగింటి గోడయొద్ద గుమిగూడుట చూడవలసివచ్చెను. ఐదేండ్లు గడచినపిదప, 1957 అక్టోబరు 3న, వివిధభారతి వెలసి సినిమాపాటను మరల నింటికి బిలిచెను. ఎన్నికలు లేక, ఊరేగింపులు లేక, సామాన్యజనులు కేవలము ముల్లు త్రిప్పి యొక మంత్రిత్వశాఖను దారికి దెచ్చిన యుదంతమిది. మన ప్రజాస్వామ్యచరిత్రలో దీనికొక పుట యీయవలసియున్నది.

కేస్కరుగారిది సదుద్దేశమున బుట్టిన ఆంక్ష. సదుద్దేశమును సాకుగా గూడ జూపని ఆంక్షను 1975–77నాటి అత్యవసరపరిస్థితిలో జూచితిమి. 1975 జూన్ 26 ఉదయమున ఇందిరాగాంధిగారు ఆ వార్తను రేడియోలోనే చాటిరి. పత్రికలకు ముందస్తు తనిఖీ వచ్చెను. 1976 మే 4 నుండి కిశోర్‌కుమార్ పాటలు ఆకాశవాణినుండి తొలగింపబడెను. ఆయన చేసిన నేరము ప్రభుత్వ కార్యక్రమముల ప్రచారమునకు సహకరింపకపోవుటయే! ప్రేమగీతము పాడిన గొంతుక సర్కారు డప్పునకు తాళము వేయలేదని శిక్ష. జనులు దానికి ‘ఆలిందిరా రేడియో’ యని పేరు పెట్టి నవ్వుకొనిరి. నోరు మూయబడిన కాలమున పరిహాసమే పత్రిక యగును. పిమ్మట షా కమిషను విచారణలో ఈ పాటల నిషేధము గూడ బయటపడెను.

ఇంత వ్రాసినందున నేను ఆకాశవాణిని తూలనాడుచున్నానని తలపవలదు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు రూపు దిద్దిన భక్తిరంజని వినబడనిదే తెల్లవారని యిండ్లు మన జిల్లాలలో నెన్నియో యుండెను. ఆదివారము మధ్యాహ్నము ఉషశ్రీగారు భారత రామాయణములు చెప్పుచుండగా, రేడియో గల యింటి యరుగుమీద ఇరుగుపొరుగువారు చేరి వినుచుండెడివారని మా పెద్దలు నేటికిని చెప్పుకొందురు. వీనిని ఏ యుత్తరువు పుట్టించెను? విద్వాంసుని నమ్మి, మైకుముందు గూర్చుండబెట్టి, తలుపు వేసి వెలుపలికి వచ్చినందున బుట్టినవి. కేంద్రము అదే, యంత్రము అదే, ఖర్చు అదే. నమ్మిననాడు భక్తిరంజని వచ్చినది. శంకించిననాడు నిషేధముల జాబితా వచ్చినది.

ప్రజలకు మంచి చెడ్డలు తెలియవు, వారిని విడిచిన హీనరుచులపాలగుదురు, ప్రభుత్వము దారి చూపవలదా యని కొందరు పెద్దలందురు. దారి చూపవచ్చును, దీపము పెట్టవచ్చును. తక్కిన దారులకు ముండ్లకంప కొట్టుట దారి చూపుట గాదు. రాజ్యమునేలువారిని ఎంచుకొనుటకు పనికివచ్చు వివేకము సాయంకాలమొక పాట నెంచుకొనుటకు పనికిరాదా? ఓటు వేయునాడు ప్రజలు దేవుళ్లు, పాట వినునాడు పసివారు! ఈ రెండు మాటలలో నొకటి యబద్ధము.

మరియొక వింత గలదు. ప్రతిపక్షమునందున్నంతకాలము ప్రతివారును ప్రసారస్వాతంత్ర్యమును గోరుదురు. గద్దె నెక్కినపిదప గొట్టము తియ్యగా దోచును. అత్యవసరపరిస్థితి ముగిసినపిమ్మట వర్గీసు సంఘము 1978లో స్వతంత్రసంస్థ కావలెనని నివేదించెను. ప్రసారభారతి చట్టమునకు 1990లో పార్లమెంటు ఆమోదము లభించెను. అది అమలునకు వచ్చినది 1997లో! ఏడేండ్లు సొరుగులో నిద్రించెను. నేటికిని దాని జీతభత్యములకు కేంద్ర ఖజానాయే యాధారము. అన్నము పెట్టు చేతిని విమర్శించు స్వాతంత్ర్యమెంతయో పాఠకులు ఊహింపగలరు. ఆకాశతరంగములు ప్రజల యాస్తి యని 1995లోనే సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2001 నుండి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు వచ్చెను. ఐనను 2011నాటి విధానమునందు వానికి సొంతవార్తలు చెప్పు హక్కు నీయక, ఆకాశవాణి వార్తలనే యక్షరము మార్చక వినిపింపుడనిరి. దినమంతయు మేలములాడవచ్చునట; పురపాలకసభలో జరిగిన తగవును వార్తగా జెప్పరాదట! 2023 నవంబరులో వెలువడిన ప్రసారసేవల నియంత్రణ బిల్లు ముసాయిదా అంతర్జాలమందలి వార్తలను వినోదమును గూడ తన గొడుగుక్రిందికి లాగజూచెను. విమర్శలు చెలరేగగా, మరల వ్రాసి చూపుదుమని 2024 ఆగష్టులో మంత్రిత్వశాఖ చెప్పవలసివచ్చెను.

ఇప్పుడు ప్రతి యరచేతిలోను ఫోనున్నది; రేడియోముల్లు స్థానమున వ్రేలికొన వచ్చినది. ఇక మన చెవులు స్వతంత్రములైనవని యువకులు సంతసించుచున్నారు. ఆ సంతసమును నేను చెరుపను. కాని సాధనములు మారినంతమాత్రమున అలవాట్లు మారవని యీ నూరేండ్ల కథ చెప్పుచున్నది. కావున వినోదము నంటు ఏ యుత్తరువు వచ్చినను, అది ఏ పక్షమువారిదైనను, పౌరుడు మూడు ప్రశ్నలు వేయవలెను. దీనిని గోరినదెవరు? దీనివలన తప్పింపబడు నాపద యేది? ఇది యేనాటితో ముగియును? మూడవ ప్రశ్న ముఖ్యము. హార్మోనియ నిషేధమునకు పుట్టినతేది యుండెను, గడువు లేకుండెను. కావుననే ముప్పదియొక్కయేండ్లు బ్రదికెను. కారణమును, గడువును వ్రాయని నిషేధము చెల్లదని శాసించుకొన్నచో ఇట్టివి సగము పుట్టకయే పోవును.

ప్రభుత్వమును శంకించుట దేశద్రోహమని కొందరు బెదరింతురు. పాలలో వ్రేలు ముంచి చిక్కదనము చూచు గృహిణి పాలవానికి శత్రువు గాదు. చూడకుండ పోయించుకొన్న యింట నీళ్లపాలే దక్కును. ఏలువారు మన పాటను అనుమానించినన్నాళ్లు, వారి మాటను మనమును కొంత పరీక్షించియే కొనవలెను.