రఫేల్‌ను ఆపే మీట ప్యారిస్‌లో లేదు

మనం డబ్బు పోసి కొన్న రఫేల్ యుద్ధవిమానాల్లో ఫ్రాన్స్ వాళ్లు రహస్యంగా ఒక మీట పెట్టారట. వాళ్లకు నచ్చని యుద్ధం మనం మొదలుపెడితే ప్యారిస్‌లో కూర్చునే దాన్ని నొక్కేస్తారట. విమానం గాల్లో ఉండగానే మొద్దుబారిపోతుందట. “కిల్ స్విచ్” పేరుతో తిరుగుతున్న ఈ మాటకు చదువుకున్నవాళ్లు కూడా “ఎంతో కొంత ఉండే ఉంటుంది” అని తలూపుతున్నారు. ఎంతో కొంత కూడా లేదు.

ఇది ఇక్కడ పుట్టిన పుకారు కాదు. 2025 మార్చిలో అమెరికా ఉక్రెయిన్‌కు ఆయుధ సాయాన్ని, నిఘా సమాచారాన్ని కొద్దికాలం నిలిపేసింది. రేపు మనకూ ఇదే గతి పడితే ఎలా అని ఐరోపా దేశాలు ఆందోళన పడ్డాయి. ఆ ఆందోళనలోంచే ఎఫ్-35 విమానాన్ని అమెరికా దూరం నుంచి ఆపేయగలదనే ప్రచారం లేచింది. అలాంటి మీట ఏదీ లేదని అమెరికా ఎఫ్-35 కార్యక్రమ కార్యాలయం బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. ఆ నెలలోనే కెనడా తన ఎఫ్-35 కొనుగోలును సమీక్షకు పెట్టింది, పోర్చుగల్ రక్షణ మంత్రి కొనుగోలుపై సందేహం వెలిబుచ్చారు. వాళ్ల అనుమానమంతా అమెరికా రాజకీయాల మీద. మన దగ్గరికి వచ్చేసరికి ఆ రాజకీయం జారిపోయి మీట ఒక్కటే మిగిలింది, ఎఫ్-35 స్థానంలోకి రఫేల్ వచ్చి చేరింది.

వట్టి వాట్సాప్ కబురే కదా, పోనీలెమ్మని వదిలేయవచ్చా? వదిలేయకూడదు. మన వైమానిక దళానికి మంజూరైన యుద్ధవిమాన స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. 114 విమానాలు కొనాలన్న ఆలోచన 2018 నుంచి నడుస్తోంది. ఏ దేశం విమానం, ఎంత ధర, ఏ షరతులు అని జనం నిలదీయాల్సిన సమయమిది. ఆ సమయమంతా లేని మీట గురించి వాదించుకోవడానికి పోతోంది. పైగా పుకార్లను పనిగట్టుకుని పుట్టించే వాళ్లు కూడా ఉన్నారు. 2025 మేలో పాకిస్తాన్‌తో జరిగిన ఘర్షణ తర్వాత రఫేల్ పేరు చెడగొట్టడానికి చైనా నకిలీ ఖాతాలతో, కృత్రిమ మేధతో తయారుచేసిన శకలాల బొమ్మలతో ప్రచారం నడిపిందని, తన జె-35 విమానానికి గిరాకీ పెంచుకోవాలన్నదే దాని ఉద్దేశమని అమెరికా కాంగ్రెస్‌కు నివేదించే ఒక కమిషన్ అదే ఏడాది నవంబరులో రాసింది. విమానాల గురించి మీ ఫోన్‌కు వచ్చే ప్రతి వీడియో వెనకా కుట్ర ఉందని నేననను. కానీ దాన్ని ఇంకొకరికి పంపేముందు ఒక్క క్షణం ఆగడానికి ఈ సంగతి చాలు.

మీట సంగతి చూద్దాం. గాల్లో ఉన్న విమానాన్ని దూరం నుంచి ఆపాలంటే ఆ ఆదేశాన్ని అందుకునే యాంటెన్నా, రిసీవర్ విమానంలో ఎప్పుడూ తెరిచే ఉండాలి. అమ్మినవాడికి తెరిచి ఉన్న తలుపు శత్రువుకూ తెరిచే ఉంటుంది. రఫేల్‌ను ఫ్రాన్స్ వైమానిక దళం, నౌకాదళం తామే నడుపుతున్నాయి, అణ్వాయుధ క్షిపణిని మోసే బాధ్యత కూడా దానిదే. తన అణుదళానికి తానే కన్నం పెట్టుకునే దేశం ఉంటుందా? ఎగుమతి విమానాల్లోనే పెడతారు అంటారా? ఈజిప్టు, ఖతార్, గ్రీస్, క్రొయేషియా, ఇండొనేషియా, ఎమిరేట్స్ అవే కొన్నాయి. వీళ్లలో ఒక్కరి ఇంజినీర్లు దాన్ని పట్టుకున్నా రఫేల్ తయారుచేసే దసో కంపెనీ మరో విమానం అమ్ముకోలేదు.

తర్కం చాలదంటే చరిత్ర ఉంది. ఇరాన్ షా కాలంలో అమెరికా ఆ దేశానికి 79 ఎఫ్-14 విమానాలు ఇచ్చింది. 1979 విప్లవంతో స్నేహం కాస్తా శత్రుత్వమైంది. అయినా ఇరాక్‌తో ఎనిమిదేళ్ల యుద్ధంలో అవి ఎగిరాయి, తర్వాత దశాబ్దాల పాటు ఎగురుతూనే ఉన్నాయి. అమెరికా తన ఎఫ్-14లకు 2006లో విశ్రాంతి ఇచ్చాక, వాటి భాగాలు దొడ్డిదారిన ఇరాన్ చేరకూడదని పాత విమానాలను యంత్రాల్లో వేసి తుక్కు చేయించింది. అమ్మినవాడికి నిజంగా అక్కరకొచ్చే అస్త్రం విడిభాగమేనని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పాలి?

పాకిస్తాన్ అనుభవమూ ఇదే. అణు కార్యక్రమం కారణంగా 1990లో ప్రెస్లర్ సవరణ అనే చట్ట నిబంధనను ప్రయోగించి, డబ్బు కట్టించుకున్న 28 ఎఫ్-16లను అమెరికా ఇవ్వకుండా ఆరిజోనా ఎడారిలో నిలిపి ఉంచింది. ఆ పైకం తేలడానికి 1998 దాకా పట్టింది, అందులోనూ కొంత నగదు, కొంత గోధుమల వంటి సరుకు. అప్పటికే పాకిస్తాన్ చేతిలో ఉన్న ఎఫ్-16లను మాత్రం ఎవరూ గాల్లో ఆపలేదు, విడిభాగాల కటకటతోనే అవి నడిచాయి. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా దగ్గర విమానం నుంచి వదిలే ఎగ్జోసెట్ క్షిపణులు ఐదే ఉన్నాయి. ఫ్రాన్స్ ఆరోది పంపలేదు. ఉన్న ఐదింటినీ అర్జెంటీనా ప్రయోగించింది, వాటిలో కొన్ని బ్రిటన్ నౌకలను ముంచాయి. అవి అయిపోయాక ఇక లేవు.

పాత విమానాలకు సాఫ్ట్‌వేర్ ఎక్కడిది, ఇప్పటివి కంప్యూటర్ల పుట్టలు కదా అని అడుగుతారు. నిజమే, అందుకే ఆధారపడటం ఇంకా లోతుగా ఉంది. శత్రువు రాడార్ ఎలా పలుకుతుందో, ఏ క్షిపణి ఏ సంకేతం పంపుతుందో విమానానికి చెప్పే డేటాను ఎప్పటికప్పుడు మార్చుకోవాలి. ఎఫ్-35 కొన్న దేశాల్లో ఎక్కువ భాగం ఆ డేటాకు అమెరికా మీదే ఆధారపడతాయి. అది రాకపోతే విమానం ఎగురుతుంది, కానీ కొత్త ముప్పును గుర్తించలేదు. ట్రాక్టర్ అమ్మిన కంపెనీ పొలంలోకి వచ్చి దాన్ని ఆపనక్కర్లేదు, పాడైన పంపు దొరక్కపోతే అది దానంతటదే షెడ్డు పట్టుకుంటుంది.

ఈ దెబ్బ మనమూ తిన్నాం. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. బ్రిటన్ నుంచి కొన్న సీ కింగ్ హెలికాప్టర్లలో అమెరికా భాగాలు ఉండటంతో మన నౌకాదళం వాటిని ఎగరేయడానికి నానా అవస్థ పడింది. మన స్వదేశీ యుద్ధవిమానం తేజస్ నియంత్రణ వ్యవస్థ మీద లాక్‌హీడ్ మార్టిన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న మన ఇంజినీర్లను ఇంటికి పంపేశారు. వాళ్లు బెంగళూరు వచ్చి మిగిలిన పని తామే పూర్తిచేశారు, 2001 జనవరి 4న తేజస్ తొలిసారి ఎగిరింది. ఈ దేశంలో ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ తెలియాల్సిన కథ ఇది.

ఆ తేజస్‌కే సంబంధించిన ఇంకో నమ్మకం ఉంది: స్వదేశీ విమానం సిద్ధంగానే ఉందని, విదేశీ దళారులే దాన్ని తొక్కేస్తున్నారని. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఎ విమానాలకు ఒప్పందం కుదిరింది. మొదటిది 2024 మార్చికల్లా రావాలి, రాలేదు. ఆలస్యానికి పెద్ద కారణం అమెరికా జీఈ కంపెనీ ఎఫ్-404 ఇంజిన్. ఆర్డరిచ్చిన 99 ఇంజిన్లలో మొదటిది 2025 మార్చిలో గానీ చేతికి అందలేదు. మన సొంత కావేరి ఇంజిన్ 1980లలో మొదలై, తగినంత బలం ఇవ్వలేక 2008లో తేజస్ నుంచి విడిపోయింది. 1961లో ఎగిరిన మన మారుత్ యుద్ధవిమానానికీ సరైన ఇంజిన్ దొరకలేదు, అనుకున్న వేగాన్ని అది ఏనాడూ అందుకోలేదు. అరవై ఏళ్లుగా మనల్ని వెనక్కి లాగుతున్నది ఇంజిన్. దళారుల మీద కోపం ఎంతైనా పెట్టుకోండి, ఇంజిన్ పరిశోధనకు ఇచ్చిన నిధుల గురించీ అంతే గట్టిగా అడగండి.

సోర్స్ కోడ్, అంటే విమానాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మూలం, దాని సంగతి వేరు. ఫ్రాన్స్ రఫేల్ సోర్స్ కోడ్ ఇవ్వదు కాబట్టి ఆ విమానం దండగ అనే వాదనను నేను పూర్తిగా కొట్టిపారేయలేను. కోడ్ ఇవ్వకపోవడం మామూలే, తమ విమానాల కోడ్‌ను అమెరికా కూడా సాధారణంగా ఇవ్వదు. కానీ మన క్షిపణిని ఆ విమానానికి అమర్చాలంటే ప్రతిసారీ దసో గుమ్మం ఎక్కాలి, వాళ్లు చెప్పిన ధర, వాళ్లు చెప్పిన గడువు. సుఖోయ్-30 ఎంకేఐలో మిషన్ కంప్యూటర్ మనది కావడం ఎంత మేలు చేసిందో చూశాం: 2017 నవంబరులో ఆ విమానం బ్రహ్మోస్‌ను ప్రయోగించింది. అందుకే కోడ్ మొత్తం కావాలని పట్టుబట్టడం కంటే, మన ఆయుధాలు మనమే అమర్చుకునే హక్కును ఒప్పందంలో రాయించుకోవాలి. ఈ విషయంలో అరుస్తున్నవాళ్లది సగం న్యాయం.

ధర విషయంలోనూ ఒక పొరపాటు ఉంది. మొత్తం ఒప్పందాన్ని విమానాల సంఖ్యతో భాగించి “ఒక్కో విమానం ఇంత” అనడం తప్పు. 2016లో 36 రఫేల్‌లకు కుదిరిన 787 కోట్ల యూరోల్లో ఆయుధాలు, విడిభాగాలు, శిక్షణ, మనకోసం చేసిన ప్రత్యేక మార్పులు ఉన్నాయి.

తక్కువ ధర పలికితే పని అయిపోయినట్టు కాదు. 126 విమానాల పోటీలో 2012 జనవరిలోనే రఫేల్ గెలిచినా, ప్రభుత్వ రంగ సంస్థ హెచ్ఏఎల్‌లో తయారయ్యే వాటికి బాధ్యత ఎవరిదన్న పేచీతో మూడేళ్లు గడిచి చివరికి ఆ కొనుగోలే రద్దయింది.

సొంత కంపెనీకి ఇస్తే అన్నీ సవ్యంగా జరుగుతాయన్నదీ భ్రమే. గాల్లో ఇంధనం నింపే విమానాల ఒప్పందం 2008లో ఎయిర్‌బస్ మాతృసంస్థతో జట్టుకట్టిన నార్త్రప్‌కు దక్కితే అమెరికాలో గగ్గోలు పుట్టింది, బోయింగ్ ఫిర్యాదుతో అది రద్దయి 2011లో బోయింగ్‌కే వెళ్లింది. ఆ కేసీ-46 మీద బోయింగ్ 700 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది, గడువులూ తప్పింది.

విదేశీ విమానం కొంటే ఇక్కడ ఎవరికీ పని ఉండదనే వాళ్లు ఒకసారి హైదరాబాద్ శివార్లలోని ఆదిబట్ల వెళ్లి రావాలి. సి-130జె విమానం తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ బాడీలు అక్కడ తయారవుతున్నాయి. రఫేల్ బాడీలను హైదరాబాద్‌లో తయారుచేయడానికి దసో, టాటా 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది శంషాబాద్‌లో అదే ఏడాది నవంబరులో శంకుస్థాపన జరిగిన ఎం-88 ఇంజిన్ మరమ్మతు కేంద్రం. రఫేల్‌కు ప్రాణం ఆ ఇంజినే. దాన్ని విప్పి బాగుచేసి బిగించే చేతులు మన దగ్గర ఉంటే, రేపు ప్యారిస్‌తో మాటపట్టింపు వచ్చినా విమానాలు ఎక్కువ కాలం ఎగరగలుగుతాయి. బాడీ బిగించడమూ ఇంజిన్ రూపొందించడమూ ఒకటి కాదని మాత్రం మరవకూడదు.

కాబట్టి ఈసారి పెద్ద ఒప్పందం వార్త వచ్చినప్పుడు నాలుగు సంగతులు వెతకండి. ఎన్నేళ్ల విడిభాగాలు ముందే చేతికొస్తున్నాయి? ఇంజిన్ మరమ్మతు ఎక్కడ? మన ఆయుధం అమర్చుకునే హక్కు ఎవరిది? వందలో ఎన్ని విమానాలు ఎప్పుడూ ఎగరడానికి సిద్ధంగా ఉంటాయని అమ్మినవాడు హామీ ఇస్తున్నాడు? 36 రఫేల్‌ల విషయంలో ఆ హామీ ఐదేళ్ల పాటు కనీసం 75 శాతం. జవాబులు ఫార్వర్డ్ వీడియోల్లో దొరకవు. రక్షణ శాఖ మీద పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలు, వైమానిక దళ కొనుగోళ్లపై 2019లో వచ్చిన కాగ్ నివేదిక ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఇంగ్లిష్, హిందీ రానివాళ్ల కోసం ఇంట్లో చదువుకున్న పిల్లలు వాటిలో ముఖ్యమైన పేజీలు తెలుగులో చెప్పండి. మీ ఎంపీ ఊరికి వచ్చినప్పుడు అందులోంచి ఒక్క ప్రశ్నయినా అడగండి.